అరగంట శాంపిల్‌లోనూ 24 గంటల శాంపిల్‌లోనూ క్లోరోఫాం దాదాపు ఒకటే వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: క్లోరిన్ వల్ల నీటిలో క్లోరోఫాం ఎంత ఏర్పడుతుందో చూద్దామని నది నీళ్లు వడగట్టి, లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కలిపాను. అరగంటకి, రెండు గంటలకి, 24 గంటలకి సీసాల్లో పట్టి చీకటి అల్మరాలో పెట్టాను. మూడో రోజున అన్నిటినీ ఒకేసారి పరీక్షిస్తే అంకెల్లో పెద్ద తేడా లేదు. ప్రాజెక్టు గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీళ్లు పట్టిన వెంటనే, క్లోరిన్ పనిని ఆపేసే సోడియం థయోసల్ఫేట్ వేశారా అండీ? మీరు ఎక్కడా రాయలేదు. వేయకపోతే మిగిలిన క్లోరిన్ సీసాలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. అరగంట అని చీటీ అంటించిన సీసా కూడా మూడు రోజుల సీసానే అయిపోతుంది. ఆ నీటిలో కాస్త డీపీడీ (క్లోరిన్ ఉందో లేదో చూపే రసాయనం) వేసి చూడండి, గులాబీ రంగు వస్తే ఇంకా క్లోరిన్ ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు: వేయలేదండీ. ఇప్పుడే డీపీడీ వేశాను, చిక్కటి గులాబీ రంగు వచ్చింది!

జవాబు: అదే కారణం. కుళ్లిన ఆకులు, మట్టి నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలతో క్లోరిన్ మొదటి కొన్ని గంటల్లో జోరుగా కలుస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగదు. క్లోరిన్ మిగిలి ఉన్నంతకాలం ట్రైహాలోమీథేన్లు (క్లోరోఫాం ఈ రకమే) పెరుగుతూనే పోతాయి. నీరు వెచ్చగా ఉన్నా, పీహెచ్ ఎక్కువైనా ఇంకా పెరుగుతాయి. అందుకే ఆ రెండూ అన్ని సీసాలకీ ఒకేలా ఉంచి, ప్రతిసారీ మిగిలిన క్లోరిన్ ఎంతో కూడా రాసుకోండి. క్లోరిన్ వల్లే ఏర్పడే మరో రకం పదార్థాలు, హాలోఎసిటిక్ ఆమ్లాలు, కూడా కొలిచేట్టయితే ఆ సీసాలకి థయోసల్ఫేట్ బదులు అమ్మోనియం క్లోరైడ్ వాడండి.

మరొకరు: సీసా నింపడం దగ్గరా జాగ్రత్త. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, కాస్త ఖాళీ దొరికినా గాలిలోకి పోతుంది. నీరు అంచు మీద ఉబ్బి నిలిచేదాకా పోసి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టండి. బుడగ కనిపిస్తే మళ్లీ పట్టాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: అయితే శుద్ధి కేంద్రంలో క్లోరిన్ తగ్గించేస్తే సరిపోదా?

జవాబు: వద్దండీ, ఆ మాట మాత్రం రిపోర్టులో రాయకండి. క్రిములు మిగిలితే వచ్చే ముప్పు వెంటనే వస్తుంది, చాలా పెద్దది కూడా. రైన్ నది నీటిపై రాటర్‌డ్యామ్‌లో యోహానెస్ రూక్ చేసిన పని 1974లో వెలువడింది. నీటిలోని సహజ పదార్థాలే క్లోరిన్‌తో కలిసి క్లోరోఫాం అవుతున్నాయని ఆయన చూపించారు. కాబట్టి తగ్గించాల్సింది ముందు వాటిని. మీరే ప్రయోగం చేయవచ్చు: ఒక బీకర్ నీటిని పటికతో తేర్చి, ఇంకోదాన్ని అలాగే ఉంచి, రెండింటికీ ఒకే మోతాదు క్లోరిన్ కలిపి 24 గంటల తర్వాత కొలవండి. ఈసారి థయోసల్ఫేట్‌ని ఖాళీ సీసాలో ముందే వేసి ఉంచుకోండి, హడావిడిలో మర్చిపోరు.