సురభి నాటకం లైవ్: సినిమా కెమెరాలా, బ్రాడ్‌కాస్ట్ కెమెరాలా?

గోదారిగట్టు వీడియోస్:
నమస్కారమండి. మాది చిన్న యూనిట్, ఎక్కువగా పెళ్లిళ్లు చేస్తుంటాం. వచ్చే నెల సురభి వాళ్ల నాటకం మూడు కెమెరాలతో యూట్యూబ్ లైవ్ ఇవ్వాలి. దానితోపాటు తెర వెనక వాళ్ల జీవితం మీద అరగంట డాక్యుమెంటరీ కూడా. పని ఇచ్చిన వాళ్లబ్బాయి "అంతా సినిమా లుక్‌లో రావాలి, వెనక బ్లర్ కావాలి" అంటున్నాడు. మూడు ఎఫ్‌ఎక్స్6లు (సోనీ ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ సినిమా కెమెరాలు) రెంట్‌కి తెచ్చి రెండు పనులూ కానిచ్చేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

ఫుల్‌ఫ్రేమ్ ఫ్యాన్:
హాయిగా తెచ్చుకోండి బ్రో. లైవ్‌కి సిగ్నల్ పంపే ఎస్‌డీఐ కేబుల్ పోర్టు ఉంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంది, చీకట్లో కూడా బొమ్మ బాగుంటుంది.

ఓబీ బాబాయ్:
తమ్ముడు చెప్పింది డాక్యుమెంటరీ వరకు కరెక్ట్. మేకప్ అద్దం దగ్గర బల్బు వెలుతుర్లో రంగు వేసుకునే మొహం తీయడానికి అంతకంటే ఏం కావాలి? లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డయ్యే పద్ధతి) తీసి తర్వాత తీరిగ్గా గ్రేడింగ్, అంటే రంగులు దిద్దడం, చేసుకోండి.

లైవ్ వేరే సంగతి. అసలు సురభిలో వెనకంతా బ్లర్ చేస్తే చూడ్డానికి ఏం మిగులుతుందండీ? ఆ రంగుల పరదాలు, గాల్లో ఢీకొనే బాణాలు, పైనుంచి దిగే నారదుడు, ఇవి చూద్దామనే కదా జనం వచ్చేది! నారదుడు దిగుతుంటే ఫోకస్ కింద కృష్ణుడి మీదే ఉండిపోయిందనుకోండి, రీటేక్ లేదు.

2/3 అంగుళం సెన్సర్ (బొమ్మ పట్టే చిప్) ఉన్న టీవీ బ్రాడ్‌కాస్ట్ కెమెరాకి 22 రెట్ల జూమ్ మామూలు: 7.6 నుంచి 168 ఎం.ఎం. వరకు. స్టేజి మొత్తం చూపిస్తూనే కళ్ల దాకా వెళ్లిపోవచ్చు. ఫుల్‌ఫ్రేమ్‌లో ఆ టైట్ రావాలంటే 600 ఎం.ఎం. పైమాటే. పైగా ఫొటోల కోసం చేసిన స్టిల్ లెన్సులు చాలావాటికి జూమ్ కదిపితే ఫోకస్ జారుతుంది. బ్రాడ్‌కాస్ట్ లెన్సుకి బ్యాక్ ఫోకస్ (లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య దూరం సర్దడం) సరిగ్గా పెట్టుకుంటే ఆ గొడవ లేదు.

ఇంకోటి, సీసీయూ, అంటే కెమెరాల వెలుతురు, రంగు దూరం నుంచి సర్దే కంట్రోల్ యూనిట్. రాక్షసుడి సీన్‌లో ఎర్ర లైటు పడగానే మూడు ఐరిస్‌లూ (లెన్సులో వెలుతురు వచ్చే కంతలు) ఒకే మనిషి సర్దుతాడు. అదే ఎవరి కెమెరా ఐరిస్ వాళ్లు తెరుచుకుంటే కట్ కట్‌కీ కృష్ణుడి రంగు మారిపోతుంది.

ఫుల్‌ఫ్రేమ్ ఫ్యాన్:
బాబాయ్, ఎఫ్‌ఎక్స్6లో 12,800 ఐఎస్‌ఓ (వెలుతురు పట్టే శక్తి) ఉంది కదా. ఐరిస్ బాగా మూసేస్తే డెప్త్, అంటే ముందూ వెనకా ఫోకస్‌లో ఉండే లోతు, వచ్చేస్తుందిగా?

ఓబీ బాబాయ్:
వస్తుంది. బ్రాడ్‌కాస్ట్ కెమెరాలో ఎఫ్4లో ఉన్న డెప్త్ ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు ఎఫ్15లో దొరుకుతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఐరిస్ మూసుకున్నట్టు). అప్పుడింక సినిమా లుక్ ఏది నాయనా? పెద్ద సెన్సర్‌కి డబ్బు కట్టి చిన్న సెన్సర్ బొమ్మ తీసినట్టు. జూమ్ సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

గోదారిగట్టు వీడియోస్:
సీసీయూతో మూడు చెయిన్‌లు (కెమెరా, లెన్సు, సీసీయూ కలిపిన సెట్లు) మా బడ్జెట్‌లో రావండి. ఆ అబ్బాయికి ఏం చెప్పమంటారు?

ఓబీ బాబాయ్:
అయితే సోనీ జెడ్280 లాంటి, లెన్సు కలిసే వచ్చే చేతి కెమెరాలు మూడు, మూడూ ఒకే మోడల్, తెచ్చుకోండి. అర అంగుళం చిప్‌లు, 17 రెట్ల జూమ్. వైట్ బ్యాలెన్స్ మూడింటికీ చేత్తో ఒకటే పెట్టండి, ఆటో ముట్టుకోవద్దు. ఎఫ్‌ఎక్స్6 ఒక్కటి తీసుకుని తెర వెనక పెట్టుకోండి. అబ్బాయికి మాటలతో చెప్పకండి, రిహార్సల్‌లో నారదుడు దిగేటప్పుడు రెండు కెమెరాలూ పక్కపక్కన మానిటర్లలో చూపించండి. నడి కెమెరాకి ఎత్తు బల్ల ఇప్పుడే చెప్పి ఉంచండి, ముందు వరస వాళ్లు లేస్తారు.