‘నెలవులు దప్పిన’: ఆ దకారం ఎక్కడిది?

ప్రశ్న: బాసెల్ అద్రా, యువల్ అబ్రహాం మరి ఇద్దరితో కలిసి తీసిన ‘నో అదర్ ల్యాండ్’ (2024) డాక్యుమెంటరీ చూసినప్పటి నుంచి ‘తమ తమ నెలవులు దప్పిన’ అన్న సుమతీ పద్యపాదం నన్ను వదలడం లేదు. వెస్ట్ బ్యాంక్‌లో హెబ్రోన్‌కు దక్షిణాన ఉన్న మసాఫర్ యత్తా అనే పాలస్తీనా పల్లెలను సైనిక శిక్షణ ప్రాంతంగా ప్రకటించారు, ఖాళీ చేయించడానికి ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2022లో దారి ఇచ్చింది. ఇల్లు కూలినవారు సామాను మోసుకుని గుహలోకి చేరతారు. ఒకచోట ఊరివాళ్ల నీళ్ల బావిలో సిమెంటు పోస్తారు. అక్కడే నాకు ఈ పాదం గుర్తుకొచ్చింది. అయితే ‘దప్పిన’ అంటే తామే తొలగినట్లు కాదా? వీళ్లకు ఆ మాట వాడవచ్చునా?

వ్యాఖ్య 1: నాకు నోటికి వచ్చిన పాఠం ‘నెలవులఁ దప్పిన’. కందానికి రెండూ సరిపోతాయి కానీ అర్థం మారిపోతుంది. అరసున్న ఉంటే నెలవులను తప్పినవారు మనుషులు. మీరు రాసినట్లు ‘నెలవులు’ ప్రథమ (కర్తను చెప్పే విభక్తి) అయితే, ఆ దకారం గసడదవాదేశం (ప్రథమ మీది క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలు కావడం) వల్ల వచ్చినది, తప్పినవి నెలవులే. నిలబడ్డ చోటే కాళ్ల కింద నుంచి పోయింది. మసాఫర్ యత్తాకు తగిన అర్థం ఇదేనని నా నమ్మకం.

వ్యాఖ్య 2: అంత తొందర వద్దండీ. జడపదానికి, అంటే ప్రాణంలేని వస్తువు పేరుకు, ద్వితీయకు (‘ను’ విభక్తికి) బదులు ప్రథమ రావచ్చునని చిన్నయసూరి చెప్పే ఉన్నాడు. ‘దారి తప్పాడు’ అన్నప్పుడు తప్పినది దారి కాదు, మనిషే. పైగా కమలాన్ని నీటి నుంచి పెరికిన చేయి ఎవరిదో ఆ పద్యం చెప్పదు. ఈ చిత్రమంతా ఆ చేతినే చూపిస్తుంది.

వ్యాఖ్య 3: అరబ్బీలో ఇంటికీ, పద్యానికీ ఒకటే మాట, ‘బైత్’. ఎడారి సంచారులైన బెదూయిన్లు మేకవెంట్రుకలతో నేసిన గుడారం ‘బైత్ షఅర్’, కవి అల్లినది ‘బైత్ షిఅర్’. తేడా ఒక్క అచ్చు. వారి ఛందస్సులో గణభాగాల పేర్లు కూడా తాడు, మేకు అనే అర్థమిచ్చేవే. సంచారులకు నెలవేమిటి అనేవారికి ఆ మేకును చూపించాలి. ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ఎడారిలోని అల్ అరాకీబ్ అనే బెదూయిన్ ఊరిని 2010 జూలై నుంచి 200 సార్లకు పైగా కూల్చినా, ఊరివారు మళ్లీ మళ్లీ అక్కడే పాక వేసుకున్నారు. వారిని ‘నెలవు తప్పినవారు’ అనడానికి నాకు మనసొప్పదు.

వ్యాఖ్య 4: పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్‌ను తలచుకోకుండా ఈ చర్చ ఎలా సాగుతుంది? ఆయన ఊరు అల్ బిర్వా 1948లో పోయింది. లెబనాన్ వెళ్లిన కుటుంబం మరుసటి ఏడు తిరిగి వచ్చేసరికి అక్కడ ఊరు లేదు. అలాంటివారికి ఇజ్రాయెల్ చట్టం పెట్టిన పేరును అరబ్బీలో ‘హాదిర్ గాయిబ్’ (ఉండీ లేనివాడు) అంటారు. మన బడిపిల్లల హాజరూ, హైదరాబాదు గాయబూ ఆ రెండు మాటలే. పుట్టిన ఊరికి దగ్గరలోనే బతుకుతూ, పట్టీలో మాత్రం లేని మనిషికి తెలుగులో మాట ఏది? నేను ఆయన కవితలను ఏళ్లుగా చదువుతున్నాను, ఇప్పటికీ దొరకలేదు.

వ్యాఖ్య 1 (మళ్లీ): ‘దారి తప్పాడు’ సరే, ‘పట్టు తప్పింది’ అన్నప్పుడో? అక్కడ తప్పినది పట్టే కదా. పాత ముద్రణ చేతిలో ఉన్నవారు ఆ ‘ల’ పక్కన అరసున్న ఉన్నదో లేదో చూసి చెప్పండి.