నిద్రకు సౌండ్ యాప్: టైమర్ పెట్టాలా, లేచేదాకా మోగనివ్వాలా?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి:
పొద్దున ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటాను. పదింటికల్లా పక్క సైట్‌లో మార్బుల్ కటింగ్ మొదలు. వాన చప్పుడో, వైట్ నాయిసో (ఒకే తీరున సాగే ‘హుష్’ చప్పుడు) వినిపించే యాప్ పెట్టుకుందామని ఉంది. ఏడాది చందా కట్టేది తీసుకోవాలా, ఫ్రీది చాలా? గంట తర్వాత ఆగేలా టైమర్ పెట్టాలా, లేచేదాకా మోగనివ్వాలా?

గోదారిగట్టు:
డబ్బు కట్టకండి. ఐఫోన్ అయితే 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఫోన్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి, ఆడియో విభాగంలో బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్ ఆన్ చేయండి. యాండ్రాయిడ్‌లో నెట్ లేకుండా, యాడ్స్ లేకుండా పనిచేసే ఫ్రీ యాప్ ఏదైనా సరే. వందల సౌండ్లు ఉన్నా రోజూ వాడేది ఒకటే. అసలు చూడాల్సింది లూప్. చిన్న రికార్డింగ్‌నే తిప్పి తిప్పి వేస్తే అదే ఉరుము, అదే పిట్ట కూత మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకసారి చెవిన పడిందంటే ఇక మనసంతా దానిమీదే. ఇయర్‌ఫోన్స్‌తో కాసేపు వినండి, అతుకు తెలిస్తే ఆ యాప్ తీసేయండి.

చెవులు_జాగ్రత్త:
యాప్ ఏదైనా టైమర్ మాత్రం ఉండాల్సిందే. ఈ శబ్దాలతో నిద్ర బాగుపడుతుందనడానికి గట్టి ఆధారమే లేదు. 38 అధ్యయనాలను పరిశీలించి 2021లో స్లీప్ మెడిసిన్ రివ్యూస్ పత్రికలో వేసిన సమీక్ష కూడా ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది. మనం నిద్రపోయినా చెవి పని ఆగదు. నిద్ర పట్టేదాకా వాడుకోండి, ఆ తర్వాత ఎందుకు?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి:
నిద్ర పట్టకపోవడం నా సమస్య కాదండీ, అలసిపోయి వస్తాను కాబట్టి వెంటనే పట్టేస్తుంది. కటింగ్ మొదలయ్యే వేళకి టైమర్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది కదా.

ఫ్యాన్_ఉండాలి:
నేనూ అదే అంటాను. ఉన్నట్టుండి వచ్చే మార్పే ఎక్కువగా నిద్ర లేపుతుంది. వెనకాల ఒకే రకమైన హోరు ఉంటే ఆ తేడా తగ్గుతుంది. చలికాలంలో దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాన్ వేసుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! టైమర్ పెడితే సరిగ్గా అవసరమైన వేళకే ఆ అండ పోతుంది.

బ్రౌన్ నాయిస్ జోలికి పోకండి. అందులో ఉండేది ఎక్కువగా లోతైన శబ్దం, ఫోన్‌లోని చిన్న స్పీకర్ దాన్ని సరిగ్గా పలికించలేదు. కటింగ్ మిషన్ కీచుమంటుంది కాబట్టి దానికి వైట్ నాయిస్, జోరువాన నయం. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ యాప్‌ను మధ్యలోనే ఆపేస్తుంది, ఆ సెట్టింగ్ కూడా మార్చుకోండి.

చెవులు_జాగ్రత్త:
మీ పగటి నిద్ర వరకు సరే. కానీ ఇది చదివి చంటిపిల్లల గదిలో పెట్టేవాళ్ళు ఉంటారు, నా భయం అదే. పసిపిల్లల కోసం అమ్మే 14 సౌండ్ మెషీన్లను ఫుల్ వాల్యూమ్‌లో కొలిచి, 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో ఫలితాలు వేశారు. మీటరు దూరంలో కూడా అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. ఆసుపత్రి నర్సరీలకు చెప్పిన పరిమితి అదే. 30 సెంటీమీటర్ల దూరంలో అయితే మూడు మెషీన్లు 85 కూడా దాటాయి!

ఫ్యాన్_ఉండాలి:
పిల్లల విషయంలో మీతో వాదన లేదు. పెద్దవాళ్ళు కూడా ఫోన్‌ను దిండు పక్కన కాకుండా కిటికీ దగ్గర పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించుకోవాలి. గదిలో మామూలుగా మాట్లాడితే గొంతు పెంచకుండానే వినపడాలి. ఆ మాత్రం వాల్యూమ్‌కి మిషన్ చప్పుడు పూర్తిగా మునగదు, మునగాల్సిన పనీ లేదు. టైమర్ మాత్రం వద్దు.