ఫ్రిజ్ పక్కలు కాలిపోతున్నాయి, కింద చల్లదనం లేదు. మీకెవరికైనా ఇలా అయిందా?

పల్నాటి_పిల్లోడు:
మాది రెంటచింతల. ఇక్కడి ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, ఎనిమిదేళ్ల నాటిది. ఉగాది వెళ్లినప్పటి నుంచి రెండు పక్కలా చెయ్యి ఆనించలేనంత కాలుతోంది. మోటారు అస్సలు ఆగడం లేదు. పైన డీప్ ఫ్రీజ్‌లో ఐస్ బాగానే కడుతోంది, కింద మాత్రం పొద్దున పెట్టిన పెరుగు సాయంత్రానికే పులిసిపోతోంది. కూరగాయల డబ్బా కింద నీళ్లు కూడా చేరుతున్నాయి. సాయంత్రాలు వోల్టేజీ 180కి పడిపోతుంది. పక్కల వేడి ప్రమాదమా? వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టొచ్చా? బాగుచేయించనా, కొత్తది కొననా? అమ్మ ఇన్సులిన్ అందులోనే ఉంటుంది, అందుకే టెన్షన్.

ఖమ్మం_కూలింగ్_మాస్టారు:
కంగారు పడకు తమ్ముడూ. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనక నల్ల జాలీ ఉండదు. వేడిని బయటికి వదిలే గొట్టాలు పక్క రేకుల లోపలే పోతాయి. గది 42 డిగ్రీలుంటే రేకు 50 దాటడం మామూలే. గోడకి ఆనించి పెట్టి, పైన గుడ్డ కప్పేసి, దాని మీద బియ్యం డబ్బా ఎక్కించేవాళ్లని ఎంతమందిని చూశానో! వెనక జానెడు, పక్కల నాలుగు వేళ్లు ఖాళీ వదలండి. ఇక 180 వోల్టులంటే కంప్రెసర్‌కి నరకం. స్టార్ట్ కాలేక కరెంటు గుంజుతుంది, కంప్రెసర్‌ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ టక్కుమని కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ టక్. ముందు స్టెబిలైజర్ కొను. పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్12 గ్యాస్ రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఊరికే చెప్పడం లేదు.

మాదాపూర్_టెకీ:
ఇంకా స్టెబిలైజరేనా మాస్టారూ? అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్లు వచ్చాక దాంతో పనిలేదు. లోపలి బోర్డు ఏసీని డీసీగా మార్చుకుని నడుపుకుంటుంది. మా ఫ్రిజ్ మీద 100 నుంచి 300 వోల్టులని రాసే ఉంది. జనం చేత అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టించకండి.

ఖమ్మం_కూలింగ్_మాస్టారు:
నేను స్టెబిలైజర్లు అమ్మను. ఆ అబ్బాయిది ఎనిమిదేళ్ల నాటి ఫ్రిజ్, మామూలు కంప్రెసరే అయుంటుంది. మాదాపూర్‌లో వచ్చే వోల్టేజీ రెంటచింతలలో వస్తుందా?

మాదాపూర్_టెకీ:
అయుంటుంది అని మీరే అంటున్నారు. ఎనిమిదేళ్ల కిందటే ఇన్వర్టర్ మోడళ్లు వచ్చాయి. మోడల్ అడగకుండానే కొనమని చెప్పేస్తే ఎలా?

ఇందూరు_చిన్నోడు:
టెకీ అన్నా, ఆ 300 మీద నమ్మకం పెట్టుకోకు. పోయిన వానాకాలం గాలివానకి మా వీధిలో స్తంభం దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగింది. ఇళ్లల్లోకి 350 పైనే వచ్చింది. మాది ఇన్వర్టర్ ఫ్రిజ్జే, బోర్డు మాడి వాసనొచ్చింది. బోర్డు ధర వింటే కళ్లు తిరిగాయి. పక్కింటివాళ్ల స్టెబిలైజర్ హై వోల్టేజీకి కట్ చేసింది, వాళ్లది బతికింది.

మాదాపూర్_టెకీ:
అది న్యూట్రల్ తెగిన సమస్య. దానికి మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టుకోవాలి, ఇంటి మొత్తానికీ పనికొస్తుంది. రెండూ కలిపేయకండి.

ఇందూరు_చిన్నోడు:
కలిపేది లేదు, విడదీసేది లేదు. డబ్బు పోయింది నాది. పోగొట్టుకున్నవాడు చెబితే వినాలి కదా.

అత్తిలి_ఆడపడుచు:
స్టెబిలైజర్ గొడవ కాసేపు పక్కన పెడతారా? డోర్ రబ్బరు గురించి ఒక్కరూ అడగలేదు. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడండి. పట్టు లేకుండా జారి వచ్చిందంటే అక్కడ వేడిగాలి లోపలికి పోతున్నట్టే, మోటారు ఆగమన్నా ఆగదు. మా ఇంటికి వచ్చినాయన కంప్రెసర్ పోయిందని తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు. రబ్బరు సందుల్లో పేరుకున్న జిడ్డు సబ్బునీళ్లతో కడిగి, వంకర పోయినచోట హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి సర్దాను. అదే కంప్రెసర్ ఇవాళ్టికీ నడుస్తోంది. ఇంకోటి, పొయ్యి మీంచి దించిన సాంబారు అలాగే లోపల పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కువైట్_కోనసీమ:
ఫ్రిజ్ లోపల అంటించిన స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ ఉంటుంది, చూడండి. టి అని ఉంటే 43 డిగ్రీల గది దాకా తట్టుకునేలా చేసింది. ఎస్‌టి అయితే 38 వరకే. ఇక్కడ మేం ముందు అది చూసుకునే కొంటాం. మన దగ్గర షాపులవాళ్లు స్టార్లు చూపిస్తారు గానీ దీని మాటెత్తరు.

పల్నాటి_పిల్లోడు:
నోటు పరీక్ష చేశాను అక్కా, రబ్బరు గట్టిగానే పట్టుకుంది. స్టిక్కర్ మీద టి అనే ఉంది. ఇవాళ ఒక మెకానిక్ వచ్చి చూసి, గ్యాస్ అయిపోయింది, నింపాలి అన్నాడు. నింపించమంటారా?

ఖమ్మం_కూలింగ్_మాస్టారు:
అస్సలు వద్దు! గ్యాస్ అయిపోవడానికి అదేమన్నా వంట సిలిండరా? సీలు వేసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, లీకు మూయకుండా నింపితే కొన్నాళ్లకి మళ్లీ అదే పాట. కంప్రెసర్ మీద ఆర్600ఎ అని ఉందేమో చూడు. అది మండే గ్యాస్. గొట్టాల్లో గ్యాస్ ఉండగా మంట పెట్టి అతుకులేసేవాణ్ణి ఇంట్లోకి రానివ్వకు. ఇలాంటివాళ్ల వల్లే మా పనికి చెడ్డపేరు.

నర్సమ్మ_నెల్లూరు:
అందరూ మోటారు చుట్టూ తిరుగుతున్నారు, ఆ తల్లి ఇన్సులిన్ సంగతి ఎవరికీ పట్టలేదు. బాబూ, పైన చల్లగా ఉంది కదా అని పొరపాటున కూడా డీప్ ఫ్రీజ్‌లో పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనిచేయదు, పారేయాల్సిందే. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ బాగయ్యేదాకా మంచి ఫ్రిజ్ ఉన్న మందుల షాపులోనో పక్కింట్లోనో పెట్టించండి. వాడుతున్న సీసా ప్లాస్టిక్ డబ్బాలో మూసి, నీళ్లతో తడిపిన మట్టికుండలో నీడన ఉంచండి. ఇన్నాళ్లూ వేడిలో ఉన్న సీసాలు వాడొచ్చో లేదో డాక్టరుగారిని అడగండి, షుగర్ చూస్తూ ఉండండి.

పల్నాటి_పిల్లోడు:
చాలా థాంక్స్ అమ్మా. తెరవనివి ఇప్పుడే మందుల షాపులో ఇచ్చి వచ్చాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నాను.

విజయనగరం_వైరింగ్:
పైన గడ్డకడుతూ కింద చల్లగా లేదంటే గ్యాస్ కంటే ముందు అనుమానించాల్సింది డీఫ్రాస్ట్, అంటే మంచు కరిగించే ఏర్పాటు. ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లటి కాయిల్ డీప్ ఫ్రీజ్ వెనక పలక చాటున ఉంటుంది. అక్కడి ఫ్యానే చల్లగాలిని కిందికి తోస్తుంది. మధ్యమధ్య ఒక హీటర్ వెలిగి కాయిల్ మీది మంచు కరిగించాలి. ఆ హీటర్‌గానీ, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజుగానీ, టైమర్‌గానీ పోతే కాయిల్ మొత్తం మంచు మూసేసి గాలి కిందికి రాదు. కింద చల్లబడదు, మోటారు ఆగదు, పక్కలు కాలతాయి. పరీక్ష తేలికే. సామాన్లు తీసేసి, ప్లగ్ పీకి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. మళ్లీ వేశాక కింద కూడా బ్రహ్మాండంగా చల్లబడి, కొన్నాళ్లకి మళ్లీ మొదలైతే తప్పు అక్కడే. మంచుని కత్తితో పొడవకండి, కాయిల్‌కి చిల్లు పడితే ఇక నిజంగానే గ్యాస్ పోతుంది.

ఖమ్మం_కూలింగ్_మాస్టారు:
ఇది సరైన మాట. వోల్టేజీ సంగతి మాత్రం నేను వదలను.

పల్నాటి_పిల్లోడు:
వైరింగ్ అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. మొదట బాగా చల్లబడింది, వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి వేరే మెకానిక్‌ని పిలిచి వెనక పలక విప్పించాను. కాయిల్ కనబడనే లేదు, అంతా తెల్లటి మంచు దిమ్మ. థర్మల్ ఫ్యూజు పోయింది, హీటర్ బాగానే ఉంది. ఫ్యూజు మార్చి, నీళ్లు పోయే రంధ్రంలో గోరువెచ్చటి నీళ్లు పోసి పూడిక తీశాడు. కూరగాయల కింద నీళ్లు అందుకేనట. ఇప్పుడు మోటారు ఆగి ఆగి నడుస్తోంది.

ఇందూరు_చిన్నోడు:
మంచిదైంది తమ్మీ. వానలు మొదలుకాకముందే హై కట్ ఉన్న స్టెబిలైజర్ తెచ్చుకో.

మాదాపూర్_టెకీ:
కంప్రెసర్ మీద ఇన్వర్టర్ అని ఉందో లేదో చూశాకే కొనండి.

తుని_కొత్తసభ్యురాలు:
మా సింగిల్ డోర్ హ్యాండిల్ పట్టుకుంటే జివ్వుమంటోంది. దానికీ ఇక్కడే అడగొచ్చా?

విజయనగరం_వైరింగ్:
ముందు గోడ స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి మేడమ్, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎర్తింగ్ చూపించేదాకా మళ్లీ వేయొద్దు. మీ ప్లగ్‌కి మూడో పిన్ను ఉందా, ఎవరన్నా విరిచేశారా?