సమస్య: “పాపమున్న యెడదె పావనంబు”

ఇది ఆటవెలది నాలుగో పాదం. పాపమున్న హృదయం పావనమెలా అవుతుంది? జాలిపడినప్పుడూ మనం ‘పాపం’ అనే అంటాం కదా, ముడి అక్కడ విడుతుంది.

మొదటి పూరణ

రాళ్లు మోయు కూలి రాల్చిన చెమటకు
చల్ల తెచ్చి యిచ్చి చలువ జేసి
“అలసినావు పాప” మని చెంత గూర్చుండు
పాపమున్న యెడదె పావనంబు

చల్ల ఇచ్చి వెళ్లిపోకుండా పక్కన కూర్చోవడం ఈ పద్యానికి ప్రాణం. అన్వయం మాత్రం తప్పింది. చల్ల ఇచ్చేది మనిషికి, చెమటకు కాదు. “రాళ్లు మోయువాని రాలు చెమట జూచి” అంటే గణాలూ యతీ చెడవు.

రెండో పూరణ

క్రౌంచ మొకటి కూల కన్నీరు పెట్టిన
మౌని పలుకు కావ్యమార్గ మాయె
శోకమే వెలింగె శ్లోకమై తొలిసారి
పాపమున్న యెడదె పావనంబు

వాల్మీకిని తేవడం ఎంతో ఉచితం. ఔకారానికి అకారంతో మైత్రి ఉంది కనుక క్రౌ–క యతి చెల్లుతుంది. రెండు, మూడు పాదాలు ఒకే మాట చెబుతున్నాయి, అదొక్కటే కొరత.

మూడో పూరణ

ఓడినట్టివాని నోదార్చు మాటలో
గెలుపు పొగరు లేక కలిసి నడచు
ఆశ తెగినచోట నాసరా యగునట్టి
పాపమున్న యెడదె పావనంబు

నాకు బాగా నచ్చిన భావం. రెండో పాదంలో గె–క, హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు; అయినా వాటి తర్వాతి అక్షరాల్లో (లు–లి) ఒకే హల్లు ఉంది కనుక ప్రాసయతి చెల్లింది. మామూలు యతే కావాలంటే “గెలుపు పొగరు లేక కేలు సాచు” అనండి.

— సవరణ బాగుంది గురువుగారూ. మా అమ్మాయి అడుగుతోంది, ఈ ‘పాపం’ ఉన్నచోటల్లా ఇంగ్లీషులో ‘పిటీ’ అనవచ్చా?

— అన్నిచోట్లా కుదరదమ్మా. ‘పిటీ’ ఒక్కటే ఉంటే జాలి. ముందు ‘ఎ’ చేరి ‘ఎ పిటీ’ అయితే, అనుకున్నది జరగలేదన్న నిరాశ. వానకు మ్యాచ్ ఆగిపోయినా వాళ్లు అలాగే అంటారు. అక్కడ మనం ‘అయ్యో’ అంటాం, ‘పాపం’ అనం. ‘పిటీ’ని క్రియగా చేసి ఎదుటివారి ముఖం మీదే అంటే చిన్నచూపు ధ్వనిస్తుంది. దుఃఖంలో ఉన్నవారితో అలా అనవద్దని చెప్పండి, ‘సారీ’ మేలు. ఇంకొకటి, ఈ ‘పిటీ’, దైవభక్తిని చెప్పే ‘పయటీ’ రెండూ లాటిన్ ‘పియెటాస్’ నుంచే వచ్చాయి. జాలికీ భక్తికీ ఉన్న ఆ చుట్టరికం మీద నాలుగో పూరణ మీరే రాసి పంపండి, ఎదురుచూస్తాను.