రూబీలో డెస్క్‌టాప్ యాప్‌కి ఫార్మ్ డిజైనర్ ఉన్న ఐడీఈ (కోడ్ రాసి నడుపుకునే ప్రోగ్రామ్) ఏదైనా ఉందా?

కొత్తరూబీ:
హాయ్ అందరికీ, నేను ఇదివరకు విజువల్ బేసిక్‌లో చిన్న చిన్న టూల్స్ చేసేవాణ్ణి, ఫార్మ్ మీద బటన్ లాగి పెట్టడం, దాని మీద డబుల్ క్లిక్ కొడితే కోడ్ రాసే చోటు తెరుచుకోవడం, అంతే పని. ఇప్పుడు రూబీ నేర్చుకున్నా, భాష తెగ నచ్చింది, కానీ ఎవర్ని అడిగినా రైల్స్ రైల్స్ (వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) అంటారే గానీ డెస్క్‌టాప్ ఊసే ఎత్తరు. నాక్కావల్సింది ఒక ఫోల్డర్ ఎంచుకుంటే అందులో ఫొటోలన్నిటికీ తేదీని బట్టి పేర్లు మార్చే యాప్, విండోస్‌లో నడిస్తే చాలు. రూబీమైన్ ఐడీఈ వేసుకుని మెనూలన్నీ గాలించా, డిజైనర్ కనపళ్లేదు. ఎక్కడైనా దాక్కుందా, అసలు లేదా?

టీకే_నాటి_మనిషి:
లేదు బ్రో. రూబీమైన్ అయినా వీఎస్ కోడ్ అయినా కోడ్ రాసుకోడానికి, డీబగ్ చేసుకోడానికే, విండో గీసిపెట్టే పని వాటిది కాదు. లాగి పెట్టడమే కావాలంటే గ్లేడ్ ఉంది, అది ఐడీఈలో భాగం కాదు, విడి ప్రోగ్రామ్. అందులో విండో గీసి సేవ్ చేస్తే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది, దాన్ని రూబీలో జీటీకే3 (విండోలు, బటన్లు చూపించే లైబ్రరీ) జెమ్‌ (రూబీ ప్యాకేజీ) లోని బిల్డర్‌తో లోడ్ చేసి, ఐడీ పేరుతో బటన్‌ని పట్టుకుని క్లిక్‌కి బ్లాక్ తగిలించడమే. కాకపోతే గ్లేడ్ జీటీకే3 దగ్గరే ఆగిపోయింది, జీటీకే4కి కాంబలాష్ అనే డిజైనర్ చూడు. పాత పుస్తకాల్లో టీకే (ఇంకో విండో లైబ్రరీ) రూబీతోనే వస్తుందని ఉంటుంది, నమ్మకు, రూబీ 2.4 నుంచి దాన్ని విడి జెమ్‌గా తీసేశారు.

బ్లాక్_ప్రేమికుడు:
ఈ చిన్న యాప్‌కి జీటీకే ఎందుకండీ, గ్లిమర్ లిబ్‌యూఐ జెమ్ వేసుకోండి. విండో అని రాసి, లోపల నిలువు బాక్స్, దాని లోపల బటన్, ఇలా ఒక బ్లాకులో ఇంకో బ్లాకు పెట్టుకుంటూ పోతే చాలు, కోడ్ ఇండెంటేషన్ చూస్తేనే స్క్రీన్ మీద ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది, నా మటుకు డిజైనర్ లేని లోటు అక్కడే తీరిపోయింది. కానీ ఫొటోల థంబ్‌నెయిల్స్ కూడా చూపించాలంటే ఇది వద్దు, ఇమేజ్ చూపించడంలో లిబ్‌యూఐ చాలా వీక్, అప్పుడు జీటీకేనే. ఇంకోటి, ఫైల్ మార్పు తేదీని నమ్ముకోకండి, ఎడిట్ చేసి సేవ్ చేస్తే మారిపోతుంది, ఎగ్జిఫ్ఆర్ జెమ్‌తో ఫొటో తీసిన తేదీ చదవండి.

కొత్తరూబీ:
థాంక్సండీ, గ్లిమర్‌తో విండో వచ్చేసింది, పేర్లు కూడా మారుతున్నాయి! కానీ పెద్ద ఫోల్డర్ ఇస్తే బటన్ నొక్కిన దగ్గర్నుంచీ విండో తెల్లబడిపోయి నాట్ రెస్పాండింగ్ అంటోంది, ప్రోగ్రెస్ బార్ అస్సలు కదలదు, పనంతా అయ్యాక ఒక్కసారే నిండిపోతుంది. ఇంకా దీన్ని ఎక్స్‌ఈ చెయ్యడం ఎలా?

బ్లాక్_ప్రేమికుడు:
క్లిక్ బ్లాకులోనే లూప్ మొత్తం తిప్పేస్తున్నారు కదా, అది పూర్తయ్యేదాకా విండో తనని తాను మళ్లీ గీసుకోడానికి వీలుండదు. లూప్‌ని వేరే థ్రెడ్‌లో (మెయిన్ పనికి సమాంతరంగా నడిచే దారి) పెట్టండి, బార్ విలువ మార్చే లైన్ ఒక్కటి మాత్రం క్యూ_మెయిన్ (మెయిన్ థ్రెడ్‌కి పని అప్పజెప్పేది) బ్లాకులో వెయ్యండి, ఎందుకంటే విడ్జెట్లని మెయిన్ థ్రెడ్ తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు (జీటీకేలో ఇదే పనికి గ్లిబ్ ఐడిల్ యాడ్). థ్రెడ్ మొదలవగానే బటన్ డిజేబుల్ చెయ్యండి, లేకపోతే వాడేవాళ్లు ఊరుకోరు, రెండోసారీ నొక్కుతారు. అన్నట్టు క్లిక్ బ్లాకులో బ్రేక్‌పాయింట్ పెడితే కూడా విండో ఇలాగే బిగుసుకుపోతుంది, కంగారు పడకండి, డీబగర్ మెయిన్ థ్రెడ్‌ని ఆపింది కాబట్టి అంతే.

టీకే_నాటి_మనిషి:
ఎక్స్‌ఈకి ఓక్రాన్ జెమ్, పాత ఓక్రాకి కొనసాగింపు. ఏయే ఫైళ్లు లోడవుతాయో తెలుసుకోడానికి అది బిల్డ్ టైంలో నీ స్క్రిప్ట్‌ని ఒకసారి నిజంగానే నడుపుతుంది, అందుకని మధ్యలో నీ విండో తెరుచుకుంటుంది, క్లోజ్ చెయ్యి, అప్పుడే బిల్డ్ ముందుకెళ్తుంది. చాలామంది హ్యాంగ్ అయిందనుకుని చూస్తూ కూర్చుంటారు. వెనకాల నల్ల కన్సోల్ రాకూడదంటే --windows అనే ఆప్షన్ పెట్టు. రూబీ మొత్తం లోపల కూరుతుంది గనక ఫైల్ సైజు బాగానే ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది కాబట్టి మొదలవడం కాస్త ఆలస్యం. రూబీ లేని మెషీన్ మీద ఒకసారి నడిపి చూశాకే ఎవరికైనా ఇవ్వు.