పలెర్మో వీధి తిండికి గైడ్ కావాలా?

మ్యూనిక్‌వాసి:
డిసెంబరు రెండో వారంలో నేను, మా ఆవిడ, మా అత్తగారు ఇటలీలోని సిసిలీ వెళ్తున్నాం. పలెర్మో సందుల్లో మూడు గంటలు నడిపిస్తూ వీధి తిండి తినిపించే టూర్ ఒకటి చూశాను. తలకు 50 యూరోల పైనే. అంత పెట్టడం దండగా, లేక గైడ్ ఉంటేనే మంచిదా? మేమిద్దరం చికెన్, మటన్, చేపల వరకే. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు.

బాటసారి:
అస్సలు పెట్టకండి. బల్లారో సంతకు దారి ఫోనే చూపిస్తుంది. అక్కడ శనగపిండి పానెల్లె పెట్టిన బన్ను మూడు యూరోల లోపే తిన్నాను. 50 యూరోలుంటే ఒక మనిషి రెండు రోజులు కడుపునిండా తినొచ్చు. ఇంకో సంగతి. గైడ్ వెనక పన్నెండు మంది వచ్చి బండి ముందు నిలబడితే, రోజూ అక్కడే తినే పెద్దాయన పక్కకి జరిగి ఎదురుచూశాడు. కళ్లారా చూశాను. సంత ఉన్నది ఆ ఊరివాళ్ల కోసం.

కృష్ణలంక:
బాటసారి గారూ, ఖర్చు గురించి మీరన్నది నిజమే. కానీ వాళ్లింట్లో ఏం తినరో కూడా చూడాలి కదండీ.

2019లో మేం మొదటిరోజు సొంతంగానే తిరిగాం. ఒక కొట్లో 'అరంచీనా అల్ బుర్రో' అని బోర్డు. బుర్రో అంటే వెన్న. వెన్నే కదా అని అమ్మకి ఒకటి కొనిచ్చాను. నారింజపండంత అన్నం ఉండ, పైన కరకరలాడే బ్రెడ్ పొడి. సగం తిన్నాక, సాగుతున్న చీజ్ మధ్యలో గులాబీ రంగు ముక్కలు కనబడ్డాయి. హ్యామ్, అంటే పంది మాంసం. పలెర్మోలో అల్ బుర్రో అంటే మోజరెల్లా, హ్యామ్ కలిపి పెట్టేదే. ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి బోర్డు మీద రాయలేదు. కొనేముందు 'కార్నె', అంటే మాంసం, లేదు కదా అని అడిగాను కూడా. లేదన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, అక్కడ చాలామంది హ్యామ్‌ని మాంసం కింద లెక్కపెట్టరు. అమ్మ ఆ రాత్రి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

మర్నాడు గైడ్‌ని పెట్టుకున్నాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే మీరు ఏం తినరని. పానెల్లె దగ్గర ఆపి, అదెలా చేస్తారో చూపించింది. శనగపిండిని నీళ్లలో ముద్దగా ఉడికించి, పల్చగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేస్తారు. నువ్వులద్దిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండుతారు. అమ్మ రెండోది అడిగి మరీ తింది. స్ఫించోనె అనే మందపాటి రొట్టె అమ్మే బండి వస్తే మాత్రం వద్దంది, అందులో అంచోవీ చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనబడవు. ఆ బండి మన ఊళ్లో తిరిగే పియాజియో 'ఆపే' ఆటోనే! అక్కడ దాన్ని లాపా అంటారు.

పానీ కా మేఉజా మేం తినేది కాదు, దూడ ప్లీహం, ఊపిరితిత్తులు. అయినా పది నిమిషాలు చూస్తూ ఉండిపోయాం. వాలుగా పెట్టిన పెనంలో అడుగున పంది కొవ్వు మరుగుతుంటుంది, ఉడికించిన ముక్కలు పైఅంచున వరసగా ఉంటాయి. ఫోర్కుతో కొన్ని కిందికి లాగి, కొవ్వు పిండేసి బన్నులో పెడతాడు. ఉత్త నిమ్మరసంతో ఇస్తే అది 'స్కెట్టు', అంటే పెళ్లికానిది. రికోట్టా, తురిమిన చీజ్ వేస్తే 'మరితాతు', పెళ్లయినది. ఆ ఊళ్లో యూదు కసాయిలు పశువుని కోసినందుకు డబ్బు తీసుకోకుండా లోపలి భాగాలు తీసుకునేవారని, ఈ తిండి అలా పుట్టిందని చెబుతారు. 1492 నాటి రాజాజ్ఞతో యూదులు సిసిలీ వదిలి వెళ్లాల్సి వచ్చింది, వంట మాత్రం నిలిచింది. ఒక్కణ్ణే వెళ్లుంటే వాసన చూసి దాటిపోయేవాణ్ణి.

బాటసారి:
అమ్మగారి సంగతి చదివి బాధేసిందండీ. ఇంట్లో పట్టింపులుంటే గైడ్ ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నాను. అన్నీ తినేవాళ్లకి మాత్రం ఇప్పటికీ నా మాట అదే. బొగ్గుల పొగ ఎక్కడ లేస్తోందో చూసుకుని వెళ్తే స్టిగ్గియోలా దొరుకుతుంది. ఉల్లికాడలకి చుట్టి కాల్చిన గొర్రె పేగులు. చిన్నప్పటి నుంచి బోటీ తిన్న నాకు అది తినడం ఎవరు నేర్పాలి? పెద్ద గుంపు టూర్‌కి మాత్రం ఎవరూ వెళ్లకండి.

కృష్ణలంక:
గుంపు విషయంలో మీతోనే ఉన్నాను. మ్యూనిక్‌వాసి గారూ, ఆరుగురికి మించని టూర్ చూసుకోండి. పంది, గొడ్డు వద్దని, అత్తగారికి చేప, గుడ్డు కూడా వద్దని ముందే రాసి పంపండి. పానెల్లె వేయించే మూకుడులో ఇంకేమైనా వేస్తారేమో గైడ్ చేతే అడిగించండి. 13వ తేదీ సాంతా లుచియా పండగ. ఆరోజు చాలామంది రొట్టె, పాస్తా మానేసి అరంచీనాలు తింటారు, కొట్ల ముందు జనం కిటకిటలాడతారు. అత్తగారితో టూర్‌కి వెళ్లేది ముందు రోజు పెట్టుకోండి.

మ్యూనిక్‌వాసి:
12న చిన్న టూర్ బుక్ చేశాను. అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను. పానెల్లెలో వాము వేస్తారా అని అడుగుతున్నారు.

కృష్ణలంక:
వాము కాదండీ, పార్స్లీ ఆకు. చూడ్డానికి కొత్తిమీరలా ఉంటుంది.